ఈతతొట్టిలో సిరా

డల్లాస్‌లో మా అక్కకు మధ్యాహ్నం కాస్త తీరిక దొరికిందంటే తాడేపల్లిలో నాకు అర్ధరాత్రి ఫోను మోగుతుంది.

"ఒరే, మన తొట్లో నీళ్లు నల్లగా అయినయ్యంట గదరా. వాచ్‌మన్ ఫొటో పెట్టాడు. అక్కడుండి నువ్వేం చూస్తున్నట్టు?"

చూడాల్సి వచ్చినప్పుడు అది మన తొట్టి. మిగతా రోజుల్లో వాళ్ల స్విమ్మింగ్ పూలు.

రాజధాని వస్తోందన్న ఊపులో మా బావ కట్టించిన ఇల్లు అది. పెరట్లో ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున ఈతతొట్టి. సగటు లోతు 1.2 మీటర్లు. గుణిస్తే 38 వేల లీటర్ల పైచిలుకు. చేరువలోనే కృష్ణ, సీతానగరం దగ్గర బయల్దేరే పడమటి కాలవ. ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని అలాంటి కాలవల్లోనే కదా మేమంతా ఈత నేర్చింది. బావ ఆ తొట్టిలో ఈదగా నేను రెండుసార్లు చూశాను. రెండోసారి ఫొటో కోసం దిగాడు.

తెల్లారి వెళ్లి గేటు తీస్తే తొట్టి నిజంగానే నల్లగా ఉంది. నాచు పట్టిన నీళ్ల పచ్చదనం నాకు తెలుసు. ఇది ఆ రంగు కాదు. కాఫీ డికాక్షన్‌లో ఎవరో కాటుక కలిపినట్టుంది. మొదటి మెట్టు కనిపిస్తోంది, రెండోది ఊహించుకోవాలి. పైన పండుబారిన బాదం ఆకులు పడవల్లా తిరుగుతున్నాయి. వాటి మధ్య దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతున్నాయి.

అరగంటలో నలుగురు వైద్యులు తయారయ్యారు. దిష్టి తగిలిందని ఎదురింటావిడ. నీళ్లన్నీ తోడి పారబోయమని పక్కింటాయన. గంబూసియా చేపలు వదిలితే దోమలు పోతాయని ఇంకొకరు. అది నిజమే గానీ చేపలకు రంగుతో పనిలేదు.

"బ్లీచింగ్ కొడితే పోద్ది మాస్టారూ," అన్నాడు వాచ్‌మన్.

ముప్పయ్యేళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ముందు పరీక్ష, తర్వాత మందు అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అయినా ఆ పూట కిరాణా కొట్టుకు పోయి బ్లీచింగ్ పొడి తెచ్చి, కలిపి, చల్లించింది నేనే. మన ఊళ్లల్లో నీటికి ఏ జబ్బు చేసినా చెయ్యి ముందు ఆ సంచి మీదికే పోతుంది. కలరా రోజుల్లో బావుల్లో పోసిన అలవాటు మరి.

సాయంత్రానికి నలుపు కొంత విరిగి ఇటుకరంగు తేలింది. అక్కకు ఫొటో పెట్టలేదు.

ఆ ఇటుకరంగు దగ్గరే నాకు బుద్ధి వచ్చింది. ఆకు కుళ్లిన రంగే అయితే క్లోరిన్‌కు తెల్లబడాలి. ఎర్రబడిందంటే లోపల ఇనుము ఉంది. బోరు నీళ్లు బకెట్లో పట్టి రాత్రంతా ఉంచాను. పట్టినప్పుడు కొబ్బరినీళ్లలా తేటగా ఉన్నాయి. పొద్దునకు అడుగున పసుపుపచ్చ మడ్డి. భూమి లోపల గాలి సోకనంతసేపూ ఇనుము నీళ్లలో కరిగి కంటికి కనపడదు. బయటికొచ్చి గాలి తగలగానే తుప్పయి దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితేనే బట్టల మీద మరక వేస్తుంది.

ఇనుముకు ఎరుపు సరే, మరి నలుపు ఎక్కడిది? తల పైకెత్తి చూస్తే బాదం చెట్టు.

మన నాటు బాదమూ కరక్కాయా దాయాదులు. తాని, మద్ది కూడా ఆ వంశమే. వృక్షశాస్త్రంలో అందరికీ టెర్మినేలియా అని ఒకే ఇంటిపేరు. వగరు వాళ్ల ఇంటి ఆస్తి. ఆ వగరు ఇనుముతో కలిసిందా, నలుపు పుడుతుంది. కృష్ణ దిగువన, బందరు పక్కనున్న పెడనలో కలంకారీ అద్దకంవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని ఇదే. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. లేత పసుపు తప్ప దానిమీద ఏమీ కనపడదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు అచ్చుతో అద్దుతారు. అచ్చు పడ్డచోట నలుపు తేలుతుంది. ఎన్ని ఉతుకులకూ పోదు. ఐరోపాలో వందల ఏళ్లు రాతకోతలు నడిపిన సిరా కూడా ఈ కిటుకుతో చేసిందే. అక్కడ కరక్కాయకు బదులు ఓక్ చెట్టు మీద పురుగు పెట్టిన కాయలు.

అంటే మా బావ లక్షలు పోసి పెరట్లో సిరాబుడ్డి కట్టించాడన్నమాట.

రుజువు చిన్నప్పటి చొక్కాలో ఉంది. బడి చొక్కా మీద సిరా పడితే అమ్మ నిమ్మచెక్క, ఉప్పు వేసి రుద్ది ఎండలో వేసేది. తెనాలి నిమ్మకాయ ఒకటి కోసి మెట్టు మీది నల్లమరకకు అరచేతి మేర రుద్దాను. పక్కన ఇంకో చోట మెడికల్ షాపు విటమిన్ సి బిళ్ల అదిమాను. మూడో చోట బ్లీచింగ్ పొడిని గుడ్డలో మూటకట్టి ఆనించాను. బ్లీచింగ్ పెట్టినచోట నలుపు పోయి తుప్పురంగు మిగిలింది. నిమ్మకాయకు మసకబారింది. బిళ్ల పెట్టినచోట రూపాయి బిళ్లంత తెలుపు మెరిసింది. వాచ్‌మన్ ఆ తెలుపును వేలితో తడిమి చూసి, "జలుబు బిళ్లే గదా మాస్టారూ ఇది!" అన్నాడు.

మూలల్లో జిగటగా ఉన్న నల్లచుక్కలు మాత్రం దేనికీ లొంగలేదు. అవి నాచు. సిమెంటులోకి వేరు దిగినట్టు పట్టుకుంటాయి. పైపొర చీలేదాకా తీగబ్రష్‌తో గీకితేగాని మందు లోపలికి పోదు.

పక్కింటాయన మాట ప్రకారం మొత్తం తోడేస్తే సులువే. కానీ మాది ఏటి ఒడ్డు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదికి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిన రోజులు ఎవరు మరిచారు? వానలు వెళ్లిన అక్టోబరులో ఇక్కడ ఊట పైపైనే ఉంటుంది. ఖాళీ తొట్టి నేలలో పడవలాంటిది. చుట్టూ ఊటనీరు ఉంటే కింద నుంచి ఎత్తుతుంది, అడుగు పగులుతుంది. లోపలున్న నీళ్ల బరువే దాన్ని అణిచి ఉంచేది. అందుకని సగానికి మించి తోడనివ్వలేదు.

వైద్యం వారం పట్టింది. వలతో ఆకు దేవడానికే రెండు రోజులు. అడుగు ఆకు కదిలితే కుళ్లిన గుడ్డు కంపు. తర్వాత రెండు కిలోలకు కాస్త తక్కువ పటిక కరిగించి పోశాం. మా నాయనమ్మ ఏటి నీళ్లకు కుండలోపల చిల్లగింజ అరగదీసేది, పనితీరు అదే. కలిసిన మట్టిని ముద్దకట్టించి అడుగుకు దించడం. ఒక రాత్రి మోటారు ఆపి, తెల్లారి ఆ మడ్డిని గొట్టంతో నేరుగా బయటికి లాగేశాం. ఫిల్టరు గుండా పోనిస్తే ఇసుక పూడుకుపోతుంది.

నీళ్లు సగం తగ్గాక గోడలకు నిమ్మ ఉప్పు. చేతులకు తొడుగులు వేయించాను. బ్లీచింగ్ సంచిని అవతల షెడ్డులో పెట్టించాను. ఆ రెండూ కలిస్తే లేచే క్లోరిన్ గాలి ప్రాణాంతకం. కొత్త నీళ్లు పట్టేటప్పుడు బోరు పైపు మూతికి చిల్లుల బిళ్ల బిగించి, ఎత్తు నుంచి సంపులోకి వానలా పడనిచ్చాం. తుప్పు సంపులోనే దిగింది.

బ్లీచింగ్ వంతు ఆఖరున వచ్చింది. మొదటి మోతాదు లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ లెక్కన 1.3 కిలోల పొడి. అది తగ్గాక రోజూ 1 నుంచి 3 మధ్య నిలిస్తే చాలు. పీహెచ్ 7.2కు 7.6కు నడుమ ఉండాలి. మనిషి కన్నీళ్లది సుమారు 7.4. కళ్లు మండకుండా ఉండాలంటే తొట్టి నీళ్లు కన్నీళ్లను పోలి ఉండాలి మరి.

"ఆ చెట్టు కొట్టించెయ్యరా," అంది అక్క. కొట్టించలేదు. దానికింద మంచం వేసుకుని మధ్యాహ్నం పడుకునేది వాచ్‌మన్. వలకట్టి ఊరుకున్నాం.

అడుగు కనపడేదాకా ఎవరూ దిగకూడదని గేటుకు తాళం వేశాను. నల్లనీళ్లలో మునిగినవాడు పక్కనున్నవాడికీ కనపడడు. తేట ఎంత వచ్చిందో చూడ్డానికి లోతువైపు ఒక రూపాయి బిళ్ల వేశాను. రోజూ పొద్దున్నే ఇద్దరం గట్టున వంగి చూసేవాళ్లం. నాలుగో రోజు తెల్లచుక్క కనిపించింది. ఆరో రోజు గుండ్రం తెలిసింది. నిన్న వాచ్‌మన్ బొమ్మ అన్నాడు. నేను బొరుసన్నాను. దిగి తేల్చుకుందామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.