విజ్ఞానసర్వస్వమునఁ గార్టూనుల స్థానము

విజ్ఞానసర్వస్వమున దేనికిఁ జోటీయవలెనను ప్రశ్న క్రొత్తది కాదు. ఫ్రాన్సుదేశమున దిదెరో పండితుఁడు 1751లో తన మహాగ్రంథమును వెలువరింప నారంభించినపుడు, తర్కవేదాంతములతోఁ దృప్తినొందక, మేజోళ్లు నేయు యంత్రమును గూర్చియు, గుండుసూదులు చేయు విధమును గూర్చియు సవిస్తరమైన వ్యాసములను జేర్చెను. పెద్దలు చిన్నచూపు చూచిన చేతిపనులు ఆ విధమున శాస్త్రముల సరసఁ గూర్చుండినవి.

నేఁడా ప్రశ్న మఱియొక రూపమున మనముందున్నది. 2001లో ఆంగ్లమునను, 2003లో తెలుఁగునను ప్రారంభమైన వికీపీడియాలో ఎవరైనను వ్యాసము వ్రాయవచ్చును. జీతముగాని ప్రకాశకుఁడుగాని లేక, తమ యింటఁ గూర్చుండి ఔత్సాహికులు గీసి, కదలించి, అంతర్జాలమునఁ బెట్టిన కార్టూనులు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిలో నొక్కొక్కదానికి వ్యాసముండఁదగునా? సందేహము గలిగినపుడు తొలఁగింపుచర్చ జరుగును. ఆంగ్ల వికీపీడియాలో దానికి సాధారణముగా ఏడుదినములు గడువు. తలలు లెక్కించుట గాక, వాదముల బలమును జూచి తీర్పు చెప్పుదురు. ఆ తీర్పునకు మూలసూత్రమిది: విషయముతో సంబంధములేనివారు, విశ్వసింపఁదగిన ప్రచురణములలో, దానిని గూర్చి వివరముగా వ్రాసియుండవలెను.

మా మేనల్లుఁడు కార్టూనులు గీయును. “మామయ్యా, నా బొమ్మలను వేలమంది చూచిరి. వ్యాసమునకు అది చాలదా?” అని యొకనాఁడు నన్నడిగెను. చాలదంటిని. “అనఁగా నా బొమ్మలు బాగుండలేదనియా?” అనెను. ఆ పిల్లవాని మనస్సున గ్రుచ్చుకొనినది ఈ రెండవ ప్రశ్నయే. కాని సూత్రము బాగోగులను విచారింపదు. ఎందఱు చూచిరో తెలిసినంతమాత్రమున, ఆ బొమ్మ యెట్లు పుట్టినది, ఎవరిని ప్రేరేపించినది, దేనిని మార్చినది అను సంగతులు తెలియవు. వానిని గీసినవాఁడే చెప్పుకొన్నచో అది ప్రకటన. ఇతరులు పరిశీలించి చెప్పినచో చరిత్ర.

ఔత్సాహికత్వము దోషము కాదనుటకు నిదర్శనము గలదు. అమెరికాలో మైక్, మాట్ చాప్‌మన్ అను సోదరులు 2000లో ‘హోమ్‌స్టార్ రన్నర్’ అను కార్టూనులకై వెబ్‌సైటు నెలకొల్పిరి. వారివెనుక టెలివిజను సంస్థ లేదు, సినిమా కంపెనీ లేదు. ఐనను పత్రికలు వారిని గూర్చి వ్రాసినవి. కావున వికీపీడియాలో దానికి వ్యాసము గలదు.

కాని యెవరును వ్రాయనివాని గతియేమి? ఆ తరము కళాకారులు పెక్కురు ఫ్లాష్ అను సాధనముతో బొమ్మలను గదలించిరి. అడోబి సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరునకు మద్దతు మానివేసి, 2021 జనవరి 12 నుండి అందు బొమ్మలు నడవకుండఁ జేసెను. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరునుండి రఫిల్ అను పరికరముతోఁ గొన్నింటిని మరల నడిపించి కాపాడుచున్నది. బొమ్మ మిగులుట మేలే. కాని దానిని జూచి యొక తరము ఏల నవ్వినదో వ్రాసినవారు లేకున్నచో, రేపటి చరిత్రకారుఁడు ఆ నవ్వును దేనినుండి తెలిసికొనును?

ఇంతమాత్రమున సూత్రమును సడలింపవలెనని నేననను. సడలించినచో, మా మేనల్లుని వెనుకనే తన సరకును దానే పొగడుకొను వర్తకుఁడును ఆ ద్వారమునఁ బ్రవేశించును. విజ్ఞానసర్వస్వము కాలువ చివరి పొలము వంటిది. ఎగువను నీరు వదలనిదే దానికిఁ దడి దక్కదు. ఆ ఎగువ రైతులము పత్రికలలో వ్రాయు మనమే. ప్రబంధములను గూర్చి యెన్నియో విమర్శలు వ్రాసితిమి. మన యిండ్లలోని మాటలను, మన వీధులలోని మనుష్యులను బొమ్మకట్టి నవ్వించు యువకులను గూర్చి యెన్ని వ్రాసితిమి?

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ‘అ’ అక్షరము దాఁటింపకమునుపే 1923లో పరమపదించిరి. ఆయనకుఁ గాలము చాలలేదు. మనకు నేఁడు కాగితపుఁ గొఱఁతయు లేదు, పుటల పరిమితియు లేదు. కొఱఁతయైనది శ్రద్ధ యొక్కటియే.

కావునఁ జదువరులకు నా మనవి యిది. మీకు నచ్చిన కార్టూను నొకదానిని దీసికొని, అది యెన్నఁడు వెలువడినదో, ఎవరు గీసిరో, అందలి విశేషమేమో, లోపమేమో విచారించి నాలుగు పుటలు వ్రాసి పత్రికకుఁ బంపుఁడు. పొగడనక్కఱలేదు, కారణములు చూపి నిందించినను మేలే. అట్లు వ్రాసిన పిమ్మట, సర్వస్వమున దానికిఁ జోటు గలదా లేదా యను చర్చ న్యాయముగా సాగును. వ్రాయకయే తొలఁగింపును జూచి విచారించుట మనకుఁ దగదు.