ఇసుకలో కెకె లైను

మా బిటియాకి రైళ్లంటే పిచ్చి. పుణెలో 1998లో తెరిచిన జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం వీడియో ఫోన్‌లో చూసింది. బుల్లి స్టేషన్లు, బుల్లి ఇంజన్లు. "అబ్బూ, చలో" అని ఒకటే జిద్దు. విశాఖ నుంచి పుణె అంటే మాటలా? కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఎక్కిద్దామని ఆదివారం జొహర్ అయ్యాక బయల్దేరాం. మా అబ్బాని కూడా తీసుకెళ్లా.

అబ్బా రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కొండ చుట్టూ తిరిగే ఆ బండిని చూసి "ఏ రేల్ హై క్యా రే?" అని నవ్వారు. ఎక్కాక మాత్రం సముద్రం వైపు చూడనేలేదు. పట్టాలే చూశారు.

ఇంటికొస్తూ రుషికొండ బీచ్‌లో ఆగాం. బిటియా తడి ఇసుకలో పట్టాలు గీస్తోంది. అబ్బా పైజామా మడిచి పక్కన కూచున్నారు. "సీదా లైను కాదు బేటా, పహాడ్ కావాలి" అని గుట్ట పోశారు. చేత్తో సొరంగాలు తవ్వారు. కొత్తవలస, శృంగవరపుకోట, బొర్రా, శిమిలిగుడ, అరకు... ఒక్కో పేరు చెప్పి ఒక్కో గవ్వ పెట్టారు. ఉర్దూ మీడియం బడికెళ్లే నాకు తొలి తెలుగు అక్షరాలు ఆయన చూపించింది ఆ స్టేషన్ల బోర్డుల మీదే.

అది కెకె లైను. కొత్తవలస నుంచి కిరండూల్. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన దారి. శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తు.

"ఖాళీ బండి ఎక్కడం ముష్కిల్ కాదు. లోడు బండి దిగడమే ముష్కిల్. బరువంతా వెనక నుంచి తోస్తుంది. బ్రేకు మీదే జాన్" అన్నారు.

ఎవరి పిల్లలో నలుగురు చేరారు. ఒకడు గవ్వలు ఏరుకొచ్చాడు, ఒక పాప పట్టాలకి కొబ్బరి ఈనెలు తెచ్చింది. టికెట్టు లేని మ్యూజియం తయారైంది.

ఒక సొరంగం దగ్గర అబ్బా చెయ్యి ఆగింది. "నువ్వు నాలుగో జమాత్‌లో ఉన్నప్పుడు బక్రీద్ నాడు నేనిక్కడే ఉన్నా."

ఆ బక్రీద్ నాకు బాగా యాద్ ఉంది. మామూ చెయ్యి పట్టుకుని ఈద్‌గాకి వెళ్లా. అందరి అబ్బాలూ వచ్చారు, మా అబ్బా రాలేదని ఏడ్చా. ఆ గుస్సా ముప్పై ఏళ్లకి పైనే మోశా.

"రాత్రంతా వాన. లైను మీద బండలు పడ్డాయి. లాల్ బత్తీ చూపించి బండి ఆపాం. తెల్లారేదాకా రాళ్లు తీశాం. బిస్కెట్లతో ఈద్ అయింది" అని నవ్వారు.

ఇరవై ఏళ్లుగా పేపర్లో పనిచేస్తున్నా. ఎందరినో ఇంటర్వ్యూలు చేశా. ఇంట్లో ఉన్నాయన్ని ఈ ఒక్క సవాల్ అడగలేకపోయా.

ఇంతలో పెద్ద అల వచ్చి శిమిలిగుడ దాకా తుడిచేసింది. బిటియా ఏడుపు మొహం పెట్టింది. "పర్వా నై. గ్యాంగ్ పనే అది. పోతే మళ్లీ వేయడమే" అని అబ్బా పిడికెడు ఇసుక తీసుకున్నారు.

నేనూ చేతులు మడిచి పక్కన కూచున్నా. మగ్రిబ్ వేళకి లైను మళ్లీ అరకు చేరింది.