ఆకాశగంగ దూకింది, కన్నీటి చుక్క రాలలేదు!

"సినిమా ఎలా వుంది?" అని అడిగితే "గ్రాఫిక్స్ అదిరాయి గురూ!" అని జవాబొచ్చిందంటే నాకు గుండె గుభేలుమంటుంది. పెళ్లికూతురు ఎలా వుందయ్యా అంటే, పందిరి బ్రహ్మాండంగా వేశారన్నట్టు! పందిరి వద్దని కాదు. కానీ మనం వెళ్లింది పెళ్లికి గదా?

నేనీ జవాబు మొదట గట్టిగా విన్నది 2004 సంక్రాంతికి, 'అంజి' విడుదలైనప్పుడు. శ్యాంప్రసాద్ రెడ్డిగారి నిర్మాణం, కోడి రామకృష్ణగారి దర్శకత్వం, పైగా చిరంజీవి! ఏళ్ల తరబడి తీస్తున్నారని చదివి చదివి ఊరిపోయి వున్నాం. మా అమ్మనీ, చెల్లెల్నీ వెంటబెట్టుకుని మ్యాట్నీకి వెళ్లాను. అమ్మని తీసుకెళ్లడానికి కారణం వుంది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1995లో, ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు తీసిన 'అమ్మోరు' చూసి ఆవిడ వారం రోజులపాటు మామూలు మనిషి కాలేదు.

'అంజి' కథ మీకు తెలిసిందే. 72 ఏళ్లకోసారి ఆకాశగంగ దిగివచ్చి ఆత్మలింగాన్ని తాకుతుంది. ఆ జలం తాగినవాడికి చావులేదు. దానికోసం భాటియా అనే దుర్మార్గుడు (టినూ ఆనంద్) కాచుక్కూచుంటాడు. అనాథ పిల్లల్ని చేరదీసి హాయిగా బతుకుతున్న అంజి చేతికి ఆ లింగం చిక్కుతుంది. ఇక చూడాలి తెరమీద వైభవం! స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు ఊరికే రాలేదు. మనవాళ్లకి కంప్యూటర్ మాయలు ఇంకా కొత్తగా వున్న రోజుల్లో అంత పని చేయించడం మాటలు కాదు. హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ వున్నాను.

చేతులు చప్పట్లు కొట్టాయి, కళ్లు మాత్రం చెమర్చలేదు. బయటికి రాగానే అమ్మ అన్నది ఒక్కటే మాట: "బావుందిరా. వెళ్లేదారిలో కొత్తిమీర కట్ట తీసుకో." అంతే. ఆ తర్వాత ఆ సినిమా ఊసే ఎత్తలేదు.

అదే 'అమ్మోరు' అయితే? పక్కింటి పిన్నిగారిని కూచోబెట్టి కథంతా చెప్పింది. సౌందర్య పడ్డ కష్టాలు చెప్పేటప్పుడు మళ్లీ ఏడ్చింది. అందులోనూ గ్రాఫిక్స్ వున్నాయి మరి! కానీ అమ్మకి గుర్తుండిపోయింది అవి కాదు. దిక్కులేని ఆడపిల్లకోసం సాక్షాత్తూ అమ్మవారే చిన్నపిల్లగా వచ్చి, ఆ ఇంట్లో పనిపిల్లలా మసలడం.

తేడా ఎక్కడుందంటారా? నాకు తోచింది చెబుతాను. 'అంజి'లో గట్టి కోరిక వున్నవాడు విలనొక్కడే. వాడికి చావంటే భయం, అమృతం కావాలి. మరి అంజికి? లింగం తనంతట తానే వచ్చి ఒళ్లో పడింది. అతను గెలుస్తాడని మనకి తెలుసు. ఓడితే ఏం పోతుందన్నదే మనసుకి తగలదు. లోకం పోతుందంటారు. లోకం పోతే ఎవరేడుస్తారండీ? పక్కలో పిల్లాడికి జ్వరమొస్తే ఏడుస్తాం! ఆ పిల్లలేమో కథలోనే వున్నారాయె. వాళ్లలో ఒకడి ప్రాణానికీ, ఆ గుక్కెడు నీళ్లకీ ముడివేసి వుంటే, గంగ దూకుతున్నప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టేది.

మన పెద్దలకి ఈ కిటుకు తెలుసు. 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టెని తలుచుకోండి. కె.వి.రెడ్డిగారూ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేగారూ కంప్యూటరన్నది లేకుండా చేసిన గారడీ. పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు! ట్రిక్కు కాసేపే. ఆ కాసేపట్లో మనుషుల గుట్టంతా బయటపడిపోయింది.

తమాషా ఏమిటంటే, మళ్లీ ఆ నిర్మాతా దర్శకులే 2009లో 'అరుంధతి' తీశారు. గ్రాఫిక్స్ ఏమీ తగ్గించలేదు. కానీ పశుపతిని అంతం చేసే ఆయుధం కోసం జేజెమ్మ తన ప్రాణమే ఇస్తుంది. ఆవిడ ఎముకలే ఆయుధమవుతాయి. అక్కడ మాయకి వెల వుంది, ఆ వెల మనిషి చెల్లించింది. జనం బ్రహ్మరథం పట్టారు. 2019లో కోడి రామకృష్ణగారు కన్నుమూసినప్పుడు మా అమ్మ తలుచుకున్న పేర్లు రెండే: 'అమ్మోరు', 'అరుంధతి'. నడుమన ఆకాశగంగ ఆవిడకి గుర్తుకే రాలేదు.

కాబట్టి యువమిత్రులారా! రేపోమాపో ఇంకో వందలకోట్ల మాయాలోకం విడుదలవుతుంది. తప్పకుండా వెళ్లండి, ఈలలు వేయండి. మూడోరోజున మాత్రం ఇంట్లో ఎవరికైనా ఆ కథ చెప్పి చూడండి. జలపాతం ఎంత ఎత్తునుంచి దూకిందో చెబుతున్నారా, దాని కింద నిలబడ్డ మనిషి ఏమైపోయాడో చెబుతున్నారా? సినిమా ఏపాటిదో అక్కడే తేలిపోతుంది.