రేవు దాటకుండానే

జులై 27, 2025. అమలాపురం

న్యూజెర్సీ నుంచి అమ్మాయి ఫోను. పౌరసత్వానికి ఇంటర్వ్యూ సెప్టెంబరు మొదటివారంలోనట. "దరఖాస్తు పెట్టినప్పుడే చెబుదామనుకున్నానండి నాన్నగారూ, మీరేమనుకుంటారోనని ఊరుకున్నాను" అంది. మంచిదమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూచున్నాను.

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు నిండితేగానీ మామూలుగా పౌరసత్వం ఇవ్వరు. ఆ కార్డుకే దానికి పన్నెండేళ్ళు పట్టింది. కోటా పెట్టి ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ 7 శాతం మించకూడదని అక్కడి చట్టం. దేశం చిన్నదైనా పెద్దదైనా అదే లెక్క. అందుకే మనవాళ్ళ వరస అంత పొడుగు.

ఆగస్టు 3

వీడియోలో పాఠం అప్పజెప్పించుకున్నాను, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే. దాని పరీక్షకి వంద ప్రశ్నలు ముందే ఇచ్చారు. అధికారి పది అడుగుతాడు, ఆరు చెబితే చాలు. ఇంగ్లీషు చదవాలి, రాయాలి. జెండా మీద పదమూడు చారలెందుకు? మొదట ఉన్న వలసలు పదమూడు గనక. అక్కడ అన్నిటికంటే పొడవైన రెండు నదుల్లో ఒకటి చెప్పు? మిసిసిపి, మిస్సోరి.

పక్కనే మనవడు. వాడికి ఏ పరీక్షా లేదు. అక్కడే పుట్టాడు. 1868లో వాళ్ళ రాజ్యాంగానికి వచ్చిన పద్నాలుగో సవరణ ప్రకారం పుట్టుకతోనే పౌరుడు. వాడిచేత గోదావరి ఏడు పాయలూ చెప్పించాను. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ. మూడోసారికి తప్పు లేకుండా చెప్పాడు.

ఆగస్టు 10

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు పోయింది 1948 ఆగస్టులోనే. భీమవరంలో పుట్టి 1920ల్లో బోస్టన్ చేరారు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అయినా తెల్లవాడు కాదు గనక పౌరుడు కాలేడంది. 1946లో చట్టం మారేదాకా దాదాపు భారతీయులందరికీ ఆ తలుపు మూసే ఉంది. అక్కడున్న కాలంలోనే సుబ్బారావుగారు ఆ దేశానికీ లోకానికీ ఎన్ని మందులిచ్చారు! ఫోలిక్ ఆమ్లం, ఫైలేరియా మందు, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది, అన్నీ ఆయన నడిపించిన పరిశోధనల నుంచి వచ్చినవే. అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆగస్టు 16. యానాం

ఈరోజు ఇక్కడ పండుగ. ముమ్మిడివరం, మురమళ్ళ మీదుగా వచ్చి ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కేసరికి గౌతమి ఎర్రగా, నిండుగా ఉంది. మా అమ్మ పుట్టిల్లు యానాం. చిన్నప్పుడు పంటు మీద దాటేవాళ్ళం. రేవు దిగితే అమ్మ మాటలో యాస మారిపోయేది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య మనుషులతో వచ్చి యానాంలో ఫ్రెంచి పాలనకి స్వస్తి చెప్పించారు. ఆ అక్టోబరులో కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న. ఫ్రాన్సు పార్లమెంటు దాన్ని ఆమోదించి, పత్రాలు మార్చుకునేసరికి 1962 ఆగస్టు 16 అయింది.

అంటే మధ్యలో దాదాపు ఎనిమిదేళ్ళు మా మేనమామ భారతదేశపు పోలీసుల కాపలాలో, భారతదేశపు తపాలాతో బతికి కూడా కాగితం మీద ఫ్రెంచివాడే. 1962లో ఆ రోజు పొద్దున్న లేచేసరికి భారతీయుడు. అరుగు దిగలేదు, రేవు దాటలేదు, సంతకం పెట్టలేదు, ఎవరూ ఆయన్ని ఏ నది పేరూ అడగలేదు. ఫ్రెంచి పౌరుడిగానే ఉండిపోదలచినవాళ్ళు మాత్రం ఆరు నెలల్లోగా రాసివ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండని, పెళ్ళికాని పిల్లలకు తండ్రి మాటే చెల్లుతుంది. రాసివ్వనివాళ్ళంతా భారతీయులు. ఊరకుండడమే ఒప్పుకోవడం.

మావయ్య నేస్తం ఒకాయన రాసిచ్చాడు. ఫ్రెంచి కొలువు, ఫ్రెంచి పింఛను. ఇద్దరూ చివరిదాకా సాయంత్రం ఒకే బల్ల మీద కూచునేవారు. ఒకే వీధి, ఒకే చెరువు నీళ్ళు, రెండు దేశాల మనుషులు. ఇవాళ ఆ బల్ల ఉన్నచోట నిలబడ్డాను. జెండా వందనం పాట దూరంగా వినిపిస్తోంది.

శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలయ్యాక మనవైపు నుంచి పసిపిల్లల పెళ్ళిళ్ళకి బళ్ళు కట్టుకుని ఇక్కడికే వచ్చేవారు, ఆ చట్టం ఇక్కడ చెల్లదు గనక. యానాం పేరు చెబితే కల్యాణపురమనేవారు. ఆ పిల్లల్లో మా పెద్దత్త ఒకరు. తొమ్మిదేళ్ళు. ఆమె సంగతి ఇంకోసారి రాయాలి.

ఆగస్టు 24

రంగం, అంటే రంగూన్, గుర్తొచ్చింది. మన రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్‌కి పోయిన కూలీలు ఎందరో. బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు, మన కోరంగి రేవు పేరుతోనే. మా తాతగారి తమ్ముడు అక్కడ బియ్యం మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేశాడు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోలేదు. చదువు లేదు, అడగాలని చెప్పినవాళ్ళూ లేరు. 1964లో దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుంది. భారతీయులు లక్షల్లో వెనక్కి వచ్చేశారు. ఆయన ఒక్క ట్రంకు పెట్టెతో దిగాడు. ఇక్కడివాళ్ళు చనిపోయేదాకా ఆయన్ని "రంగం తాత" అనే పిలిచారు.

యానాంలో ఊరకున్నవాడికి దేశం దక్కింది. రంగంలో ఊరకున్నవాడికి పోయింది.

ఆగస్టు 31

మన పౌరసత్వ చట్టం చదివాను, 1955 నాటిది. పరదేశి ఇక్కడి పౌరుడు కావాలంటే దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఏకబిగిన ఉండాలి. అంతకు ముందు పద్నాలుగేళ్ళలో మొత్తం పదకొండేళ్ళు ఉండాలి. ఇంకో షరతు చూసి ఆగిపోయాను. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో ఒకటి తగినంత వచ్చి ఉండాలి. తెలుగు అందులో ఉంది. ఇంగ్లీషు లేదు. తెలుగు వస్తే చాలు, భాష షరతు తీరినట్టే! ఎందుకో చాలా సంతోషం కలిగింది.

బ్రిటిషు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా మన పౌరుడయ్యాడు 1961లో. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు.

సెప్టెంబరు 4

అమ్మాయి పాసయింది. వరసగా ఆరు చెప్పేసరికి అధికారి ఆపేశాడట. నది ప్రశ్న రాలేదట.

సెప్టెంబరు 20

నిన్న ప్రమాణం. వెనకటి దేశం మీది విధేయతను పూర్తిగా విడిచిపెడుతున్నానని చెయ్యెత్తి పలకాలి. "ఆ వాక్యం దగ్గర గొంతు పట్టేసిందండి, పక్కనున్న ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుంది" అంది.

మన రాజ్యాంగం తొమ్మిదో అధికరణం, ఆ 1955 చట్టమూ రెండు పౌరసత్వాలు ఒప్పుకోవు. ఇంకో దేశాన్ని కోరి తీసుకున్న క్షణాన ఇది పోతుంది. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఓసీఐ కార్డు. వీసా అక్కర్లేకుండా రావచ్చు, ఉండొచ్చు. ఓటు లేదు. పొలం కొనడానికి లేదు, వారసత్వంగా రావచ్చు. మన కొబ్బరితోట దానికి వస్తుంది. పక్క చెక్క అమ్మకానికొచ్చినా తను కొనలేదు.

నవంబరు 9

కొత్త పాస్‌పోర్టు ఫొటో పంపింది. పాతదాంట్లో పుట్టినచోటు అమలాపురం అని ఉండేది. ఇందులో దేశం పేరే వేస్తారట, ఊరు వెయ్యరు. ఇండియా అని ఉంది.

పాతదాని జిరాక్సు నా దగ్గరుంది. ఇవాళ తీసి, తోట దస్తావేజుల్తో కలిపి బీరువాలో పెట్టాను.