అప్పగింత



"అప్పగించు" అను మాట మన ఇండ్లలో దినదినము వినబడునదే. అయితే అన్ని చోట్ల దాని భావ మొక్కటి కాదు.

తెల్లవారగనే రైతు తన పశువులను కాపరికి అప్పగించును. ప్రొద్దు గ్రుంకగనే మరల దొడ్డికి తోలుకొనును. అది పూటకొరకైన అప్పగింత. పెండ్లియైన పిమ్మట తల్లిదండ్రులు కన్నీటితో కుమార్తె చేతిని అత్తమామల చేతిలో పెట్టుదురు. అది బ్రతుకంతటికైన అప్పగింత.

లేఖనములలోను ఈ మాట కలదు. ఇస్కరియోతు యూదా 30 వెండి నాణెములకు తన బోధకుని శత్రువుల కప్పగించెను (మత్తయి 26:15). తండ్రి మనకొరకు తన కుమారుని అప్పగించెనని రోమా 8:32లోను, ఆ కుమారుడు తానే తన్ను అప్పగించుకొనెనని గలతీ 2:20లోను పౌలు వ్రాసెను. గ్రీకు మూలములో ఈ మూడు చోట్లను క్రియాపద మొక్కటే. మాట యొకటే, హృదయములు వేరు. యూదా అప్పగింత ద్రోహమాయెను. తండ్రి అప్పగింత మనకు రక్షణయాయెను.

మరి మన అప్పగింత యెట్టిది? మన మార్గమును దేవునికి అప్పగింపవలెనని 37వ కీర్తన 5వ వచనము బోధించుచున్నది. అచ్చటి హెబ్రీ మాటకు దొర్లించుట యని అర్థము. మోయలేని బరువును బలవంతుని మీదికి దొర్లించుటయే అప్పగింత. ఆదివారమున మనము అప్పుల భారమును, దూరదేశమునకు పనికి పోయిన కుమారుని గూర్చిన చింతను, వానకై ఎదురుచూచు పైరును ప్రభువునకు అప్పగింతుము. మందిరపు మెట్లు దిగగనే ఆ మూటను మరల నెత్తి కెత్తుకొందుము. సాయంకాలము పశువులను తోలుకొనిపోయినట్లే గదా!

అప్పగించితిమని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. విత్తనమును భూమికి అప్పగించిన రైతు నీరు పెట్టును, కలుపు తీయును. మొలచెనో లేదోయని గింజను త్రవ్వి చూడడు. అట్లే అప్పు తీర్చుటకు పాటుపడుము. కుమారుని యోగక్షేమములు విచారించుము. రాత్రి నిద్రను మాత్రము చింతకు అప్పగింపకుము.

తానప్పగించినదానిని కాపాడుటకు ప్రభువు శక్తిమంతుడని పౌలు చెరలోనుండియే తిమోతికి వ్రాసెను (2 తిమోతి 1:12). అతని ధైర్యమునకు ఆధారము తన పట్టు కాదు, పుచ్చుకొనినవాని చేతులు. అవి మనకొరకు గాయపడిన చేతులు.

చదువరీ, నేటి రాత్రి నీ మూటను ఆ చేతులలో విడిచి పండుకొందువా?