స్విచ్ వేశాను, చక్రం దిగలేదు

ఈ వ్యాసం నేను సరదాగా రాస్తున్నది కాదు. ఒకడికి మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా కూడా టెన్త్‌తోనే ఆపేశా. ఒత్తులు తప్పుపోతే సరిచేస్తానని ఎడిటర్ అక్క చెప్పింది. విషయంలో ఉన్న తప్పు మాత్రం నాదే, అది అలాగే ఉంచమని చెప్పా.

మా ఏరో క్లబ్ గ్లైడర్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. క్రికెట్ వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ బౌండరీ దగ్గర కూర్చుంటారే, ఆ టైంలో పైన తెల్లగా తిరుగుతుండేది అదే. ఏఎస్‌డబ్ల్యూ-28 అనే జర్మన్ గ్లైడర్‌కి నమూనా. అసలు దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 15 మీటర్లు, మాది రెండున్నర. అంటే ఆరో వంతు. ముక్కు దగ్గర చిన్న మోటార్, వెనక్కి ముడుచుకునే ప్రొపెల్లర్ ఉంటాయి. పైకి ఎక్కేదాకే వాటితో పని. తర్వాత మోటార్ ఆపేస్తాం, ఇక అంతా గాలి దయ. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నాల్లో హాస్టల్ వెనక గద్దలు రెక్క ఆడించకుండా ఎక్కడ చుట్లు కొడుతున్నాయో చూసి, మేమూ గ్లైడర్‌ని అక్కడికే తీసుకెళ్తాం. అక్కడ వేడి గాలి పైకి లేస్తుంటుంది. గద్దకున్న తెలివి మాకు లేదు, కానీ దాని వెనకాల పోవడానికి తెలివి అక్కర్లేదు.

అసలు తంటా అంతా దింపడంలోనే. నిజం ఏఎస్‌డబ్ల్యూ-28 ఒక మీటరు కిందికి దిగేలోపు సుమారు 45 మీటర్లు ముందుకు పోతుంది. మాది అంత గొప్పది కాదు, కానీ మా గ్రౌండ్ కూడా ఎయిర్‌పోర్ట్ కాదు కదా. ఒకవైపు కాంపౌండ్ గోడ, ఒకవైపు వేప చెట్లు, మూడోవైపు సీనియర్ల బైకులు. నేల దగ్గరికి వచ్చాక అది ఇంకా మొండికేస్తుంది. రెక్క నేలకి దగ్గరగా ఉన్నప్పుడు దాని మీద డ్రాగ్ తగ్గుతుంది, దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. మోకాలి ఎత్తులో ఉంది, ఇదిగో దిగుతుంది, ఇదిగో దిగుతుంది అనుకుంటుండగానే గోడ వచ్చేస్తుంది. పోయినేడాది రెండుసార్లు వచ్చింది.

అందుకే ఎయిర్‌బ్రేకులు పెడదామనుకున్నాం. రెక్క పైభాగంలో ఒక సన్నటి పలక దాక్కుని ఉంటుంది. స్టిక్ లాగితే నిట్టనిలువుగా లేస్తుంది. అది లేచిన మేర రెక్కకి లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్ పెరుగుతుంది. గ్లైడర్ వేగం పుంజుకోకుండానే నిటారుగా దిగిపోతుంది. వీటిని షెంప్-హిర్త్ బ్రేకులంటారు, ఒక జర్మన్ గ్లైడర్ కంపెనీ పేరు మీద. రెడీమేడ్ జత కొనే డబ్బు లేక అల్యూమినియం పట్టీతో మేమే చేసుకున్నాం. రెండు పొట్టి చేతుల మీద పలక, ఒక్కో రెక్కలో ఒక్కో సర్వో.

రెక్క కోయడం ఎంత భయమో కోసినవాడికే తెలుస్తుంది. రెక్కలో కొస నుంచి కొసకి పోయే స్పార్ దానికి వెన్నెముక లాంటిది. గాడి దానికి వెనకగా పడాలి, బ్లేడు దాన్ని తాకకూడదు. మా వర్క్‌షాప్ సార్ వచ్చి చూసి, "కోసే ముందు రెండుసార్లు గీత గీసుకోండ్రా, రంపానికి అండూ ఉండదు" అన్నారు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళ మీద ఆయనకి అదో సరదా. కోతలు సరిగ్గానే వచ్చాయి. రెండు పలకలూ ఒకేసారి, ఒకే ఎత్తుకి లేచేలా చేయడానికి మాత్రం మూడు సాయంత్రాలు పట్టింది. ఒకటి ముందు లేస్తే గ్లైడర్ ఆ పక్కకి ఒరిగిపోతుంది. చివరి పాయింట్ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెట్టినా సర్వో గోడని తోస్తున్నట్టు గుయ్యిమంటూ కరెంటు తాగేస్తుంది. గాల్లో తెరిచి చూస్తే మాదానికి ముక్కు కిందికి వంగింది. బ్రేకుతో పాటు ఎలివేటర్ కాస్త పైకి లేచేలా రేడియోలో మిక్స్ పెట్టాం. ఈ పరీక్ష ఎత్తులో ఉండగానే చేయాలి. ల్యాండింగ్‌లో మొదటిసారి తెరిస్తే అదే చివరిసారి కూడా అవ్వొచ్చు.

చక్రం మాత్రం పూర్తిగా నా ఐడియా. నిజం చెప్పాలంటే దాని అవసరం లేదు. ఏడాదిగా అది పొట్ట మీదే దిగేది, పొట్ట కింద టేపు వేస్తే సరిపోయేది. కానీ అసలు గ్లైడర్‌కి పొట్టలోకి ముడుచుకునే చక్రం ఉంటుంది. వీడియోలో అది బయటికి రావడం చూశాక నాకు నిద్ర పట్టలేదు. "ఎలాగూ కోస్తున్నాం కదా మామా" అని అందరినీ ఒప్పించా.

వైరింగ్ అంతా మా జూనియర్ చేశాడు, ఈసీఈ ఫస్టియర్. పేరు రాయొద్దన్నాడు, అందుకే తమ్ముడు అనే రాస్తా. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వాడి చెయ్యి వణకదు. నేను ప్లైవుడ్ ఫ్రేములు కోసి ఎపాక్సీతో పొట్టలో బిగించా. యూనిట్ బరువు సెంటర్ ఆఫ్ గ్రావిటీకి కొంచెం ముందు పడింది, బ్యాటరీ వెనక్కి జరిపి సరిచేశాం. ఆ యూనిట్‌లో నాకు బాగా నచ్చింది దాని తాళం. చక్రం పూర్తిగా బయటికొచ్చాక లోపలి రెండు లింకులు ఒకే గీత మీదకి వచ్చి, ఇంకొంచెం దాటి ఆగుతాయి. ఇక నేల ఎంత గట్టిగా కొట్టినా దెబ్బ ఫ్రేముకే పోతుంది, సర్వోకి తగలదు. అంత చిన్న ప్లాస్టిక్ సర్వోతో అంత బరువు ఆగేది అందుకే. కానీ లింకులు ఆ గీత దాటకముందు, చక్రం సగంలో ఉండగా, బరువంతా సర్వో పళ్ళ మీదే. ఇది గుర్తుపెట్టుకోండి.

నాలుగో ఫ్లైట్. గద్దలు బాగా ఎక్కిస్తున్నాయి, 22 నిమిషాలు పైనే ఉన్నాం. మా క్లబ్‌లో అంతసేపు ఎవరూ ఉంచలేదు. గ్రౌండ్ చుట్టూ జనం చేరారు, ఎవరో వీడియో తీస్తున్నారు. నేను హీరోలా ఫీలయ్యా. ఆఖరి మలుపు తిప్పా, వేప చెట్లు దాటించా, ఎడమ స్టిక్ కిందికి లాగా, బ్రేకులు లేచాయి. గ్లైడర్ మెట్లు దిగినట్టు అందంగా దిగింది. దిగి, కర్‌ర్‌ర్‌మని ఈడ్చుకుంటూ పోయింది.

చక్రం స్విచ్ వేయలేదు. మర్చిపోయా.

ఆ శబ్దం విన్న క్షణంలో నా వేలు దానంతటదే స్విచ్ మీదకి వెళ్ళింది. నేల మీద పడి ఉన్న గ్లైడర్ పొట్టలోంచి చక్రం బయటికి రావాలని చూసింది. రావడానికి చోటు లేదు. టకటకమని సర్వో పళ్ళు అరిగిపోయాయి. తలుపులు ఊడాయి, పొట్ట పగిలింది. ఏడాది పాటు పొట్ట మీద హాయిగా దిగిన గ్లైడర్ ఇప్పుడెందుకు పగిలిందంటే, చక్రం కోసం ఆ పొట్టకి మేమే కన్నం పెట్టాం కాబట్టి.

అందరూ పరిగెత్తుకొచ్చారు. రేడియోలో స్విచ్ కింద ఉంది. చక్రం లోపల ఉంది. "ఏమైంది మామా?" అన్నారు. నేను, "స్విచ్ వేశాను, చక్రం దిగలేదు" అన్నా.

గమనించండి, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. వేశాను, దిగలేదు. ఎప్పుడు వేశానో ఎవరూ అడగలేదు.

"కనెక్షన్ లూజ్ అయ్యుంటుంది" అని ఎవరో అన్నారు. తమ్ముడి మొహం మాడిపోయింది. "ఎక్స్‌టెన్షన్ వైర్ జాయింట్ నేనే వేశా అన్నా, సారీ అన్నా" అన్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యేసి, "పర్లేదు లేరా" అన్నా. ఈ వ్యాసంలో రాయడానికి అన్నిటికంటే కష్టమైన వాక్యం ఇదే. క్షమించేవాడి ఫోజు కూడా కొట్టాను.

ఆ ఆదివారం వాడు ఇంటికి వెళ్ళలేదు. ల్యాబ్‌లో కూర్చుని ప్రతి జాయింటూ పీకి మళ్ళీ వేశాడు. మల్టీమీటర్ పెట్టి వైర్లు ఊపి ఊపి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. ఉంటే కదా. తప్పు దొరక్కపోతే ఇంకా భయం, మళ్ళీ ఎప్పుడు ఊడుతుందో తెలీదు. సొంత డబ్బు 700 పెట్టి మెటల్ పళ్ళ సర్వో తెచ్చాడు. ఆ తర్వాత క్లబ్‌లో ఎవరు సోల్డరింగ్ చేయమన్నా, "నా చెయ్యి బాలేదన్నా, వేరే వాళ్ళతో చేయించు" అనడం మొదలుపెట్టాడు.

చెప్పేద్దామని రోజూ అనుకునేవాడిని. మొదటి రోజు చెప్పి ఉంటే అది మతిమరుపు. రెండో వారంలో చెప్తే అది మోసం. అలా రోజు గడిచే కొద్దీ చెప్పాల్సింది పెద్దదైపోయింది.

ఇంకో విషయం కూడా నాకు తెలుసు. మా రేడియోలో ఎడ్జ్‌టీఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది ప్రతి ఫ్లైట్‌నీ ఎస్‌డీ కార్డులో లాగ్‌గా రాస్తుంది: ఎత్తు, స్టిక్కులు, ఏ స్విచ్ ఏ వైపు ఉందో. అర సెకనుకో లైన్. లాగ్ ఆన్ చేసి పెట్టింది నేనే. ఆ ఫైల్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. తెరవలేదు, డిలీట్ కూడా చేయలేదు.

గ్లైడర్ రిపేరయ్యాక మళ్ళీ మర్చిపోతానేమోనని భయం పట్టుకుంది. నిజం గ్లైడర్లలో దీనికి ఒక ఏర్పాటు ఉంటుంది. చక్రం లోపలే ఉండగా పైలట్ ఎయిర్‌బ్రేక్ లివర్ తీస్తే బజర్ మోగుతుంది. బ్రేకు తీశాడంటే దిగబోతున్నాడనే కదా అర్థం. మనిషి ఎక్కి నడిపే గ్లైడర్‌లోనే ఈ మతిమరుపుకి ఏర్పాటు ఉందంటే నాకు కొంచెం ఊరట అనిపించింది. మా రేడియోలో అదే పెట్టా. ఒకే ఒక్క లాజికల్ స్విచ్: బ్రేక్ స్టిక్ కిందికి లాగి ఉండాలి, అండ్, చక్రం స్విచ్ పైన ఉండాలి. రెండూ నిజమైతే బీప్. ఫస్టియర్‌లో నేర్చుకున్న మొదటి గేటు.

తమ్ముడు రేడియో చూస్తూ అడిగాడు. "ఇదెందుకు పెట్టావన్నా?"

"సేఫ్టీకిరా."

వాడు కాసేపు స్క్రీన్ వైపే చూశాడు. "వైర్ ఊడితే ఇది మోగదు కదన్నా. స్విచ్ వేయడం మర్చిపోతేనే కదా మోగేది."

నోరు పెగల్లేదు. వాడి గొంతులో కోపం ఉందా అనుమానం ఉందా కూడా నాకు తెలీలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ రోజు ఫైల్ ఓపెన్ చేసి, వాడి వైపు తిప్పా. నేనూ చూడటం అదే మొదటిసారి. ఎత్తు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. దాని కింద ఇంకో మూడు లైన్లు. ఆ తర్వాత చక్రం స్విచ్ కాలమ్‌లో మైనస్ ఒకటి కాస్తా ఒకటి అయింది.

వాడు ఆ లైన్ మీద వేలు పెట్టి చూశాడు. "నేను ఆదివారమంతా ఆ వైర్లు ఊపుతూ కూర్చున్నా అన్నా" అన్నాడు. బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులు క్లబ్‌కి రాలేదు. 700 ఫోన్‌పే చేశా, తీసుకున్నాడు, రిప్లై లేదు. పదో రోజు వచ్చి రెండు మాటలన్నాడు. ఒకటి, ఇది అందరికీ నేనే చెప్పాలి, వాట్సాప్ గ్రూపులో ఒక్క లైన్ పెట్టి తప్పించుకోకూడదు. మ్యాగజైన్‌కి వ్యాసాలు అడుగుతున్నారు, అందులో రాయి అన్నాడు. రెండోది, బీప్ బాలేదు, ఇన్ని బీపుల్లో అది ఎవడికి వినపడుతుంది?

రేడియోలో బీప్ బదులు మనం రికార్డ్ చేసిన గొంతు కూడా పెట్టుకోవచ్చు. ఫైల్‌ని కార్డులో వేస్తే చాలు. వాడు ఫోన్‌లో రికార్డ్ చేసి పంపాడు. ఐదారు టేకులు చేశాడట, పంపింది మాత్రం అన్నిటికంటే చిరాగ్గా ఉన్నదే.

పోయిన శనివారం ఎగరేశాం. కొత్త పొట్ట, కొత్త తలుపులు, వాడే వేసిన జాయింట్లు. వేప చెట్లు దాటాక కావాలనే చక్రం స్విచ్ ముట్టుకోకుండా బ్రేక్ స్టిక్ లాగా, అది మోగుతుందో లేదో చూద్దామని. "అన్నా, చక్రం!" అని రేడియో అరిచింది.

దానికంటే అర సెకను ముందే, నా పక్కన నిలబడి వాడూ అరిచాడు.