అన్నయ్య పంపే శుక్రవారం పాటలు

మనలో చాలామందికి శుక్రవారం అంటే సినిమా రిలీజ్. నాకు ఆల్బమ్ రిలీజ్. ఒకప్పుడు ఒక్కో దేశంలో ఒక్కో రోజు పాటలు వచ్చేవట. 2015 జులై 10 నుంచి ప్రపంచమంతా శుక్రవారమే అని మ్యూజిక్ కంపెనీలు మాట్లాడుకున్నాయి. గురువారం రాత్రి పన్నెండు దాటిందంటే చాలు, ఫోన్లో కొత్త ఆల్బమ్ ప్రత్యక్షం. తమాషా ఏంటంటే, పాడింది అమెరికా వాళ్ళయినా అమెరికాలో వాళ్ళకంటే తొమ్మిది పది గంటల ముందే మూసారాంబాగ్‌లో నేను వినేస్తాను. టైమ్ జోన్ పుణ్యమా అని మనకి దొరికిన లాభం ఇదొక్కటే.

నేను వినేది క్రిస్టియన్ రాక్, అంతకన్నా ఎక్కువగా క్రిస్టియన్ మెటల్. ఈ మాట ఎక్కడ చెప్పినా నవ్వుతారు. కాలేజీలో మెటల్ వినే ఫ్రెండ్స్‌కి ముందున్న మాట నచ్చదు: "దేవుడి పాటలకి అంత అరుపులెందుకు మామా?" చర్చిలో పెద్దవాళ్ళకి వెనకున్న మాట నచ్చదు. ఒక అంకుల్ నా హెడ్‌ఫోన్స్ ఒక్క అర నిమిషం పెట్టుకుని, తీసి చేతిలో పెట్టి, "ఇది దయ్యం గొంతు బాబూ" అన్నారు. కోపంగా కాదు, నిజంగా నా గురించి భయపడి. ఇద్దరి మధ్యలో నిలబడి వినాలంటే కొంచెం మొండితనం కావాలి. అది నాకు బాగానే ఉంది.

దయ్యం గొంతు సంగతి ముందు చెప్పేస్తాను, మనం ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి. గ్రోల్ చేసేటప్పుడు మామూలుగా మాట్లాడే స్వరతంత్రులొక్కటే కాదు, వాటికి కొంచెం పైన ఉండే మడతలు కూడా వణుకుతాయి. కడుపు నుంచి ఊపిరి పట్టి, మోతాదు చూసి వదలాలి. చేతకాకుండా అరిస్తే రెండు రోజుల్లో గొంతు పోతుంది. గిటార్ శబ్దం ఇంకా సింపుల్. సిగ్నల్‌ని బాగా పెంచి పైనా కిందా కోసేస్తే వచ్చేదే డిస్టార్షన్. సైన్ వేవ్ వెళ్ళి దాదాపు స్క్వేర్ వేవ్ అవుతుంది, లేని హార్మోనిక్స్ పుట్టుకొస్తాయి. అంకుల్ దయ్యం అన్నదాన్ని మా అనలాగ్ సర్క్యూట్స్ ల్యాబ్‌లో క్లిప్పింగ్ అంటారు. రికార్డులో బొమ్మ గీసి సంతకం కూడా పెట్టించుకున్నాం.

ఈ గొడవ నాతో మొదలైంది కాదు. 1986లో స్ట్రైపర్ అనే కాలిఫోర్నియా బ్యాండ్ 'టు హెల్ విత్ ద డెవిల్' అని ఆల్బమ్ తెచ్చింది. పసుపు నలుపు చారల బట్టలు, ఆడపిల్లలు కూడా కుళ్ళుకునేంత జుట్టు, బ్యాండ్ లోగో కింద యెషయా 53:5. కచేరీల్లో స్టేజీ మీద నుంచి కొత్త నిబంధన పుస్తకాలు జనంలోకి విసిరేవాళ్ళు. ఆల్బమ్ అమెరికాలో పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. అయినా మొదటి అట్ట మీద దేవదూతల బొమ్మ బాగాలేదని క్రైస్తవ షాపుల వాళ్ళు గోల చేస్తే, నల్లటి అట్ట వేసి మళ్ళీ అచ్చు వేయాల్సొచ్చింది. మెటల్ వాళ్ళేమో బైబిలు పట్టుకున్నారని వెక్కిరించారు. అంటే నా పరిస్థితి నేను పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే సెట్టయి ఉంది. వాళ్ళు మాత్రం ఆగలేదు. మధ్యలో పదేళ్ళు విడిపోయినా మళ్ళీ కలిశారు. 2024 సెప్టెంబరులో 'వెన్ వీ వర్ కింగ్స్' వచ్చింది. పాడేది మైకేల్ స్వీట్, డ్రమ్స్ రాబర్ట్ స్వీట్. అన్నదమ్ములు.

అన్నదమ్ముల సంగతి వచ్చింది కాబట్టి మా అన్నయ్య గురించి చెప్పాలి.

అన్నయ్య నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వాడు ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లో ఒకటే కంప్యూటర్, హాల్లో. ఎవరి దగ్గరో పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చిన స్కిల్లెట్ వాళ్ళ 'అవేక్' ఆల్బమ్ అందులో పెట్టి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఇది విను, కదలకు" అన్నాడు. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ సండే స్కూల్లో చప్పట్లు కొడుతూ పాడే పాటలు, ఇవీ ఒకరి గురించేనని వాడు చెప్పినప్పుడు, దేవుడికి ఇంత సౌండు కూడా సరిపోతుందా అని ఆశ్చర్యపోయాను. అప్పట్నుంచి వాడు ఏది వింటే నేనూ అదే. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ అనే ఊరి నుంచి వచ్చిన ఆగస్ట్ బర్న్స్ రెడ్, ఫ్లోరిడా నుంచి అండరోత్, సియాటెల్ నుంచి డీమన్ హంటర్. అమెరికా మ్యాపు నాకు అట్లానే వచ్చింది.

డాడీ మాకు అడ్డు చెప్పలేదు. ఆయన మా చర్చిలో డోలక్ వాయిస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం చూశారా ఎప్పుడైనా? ప్రతి పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు పాశ్చాత్యుల మతాన్ని కర్ణాటక రాగాల్లో కూర్చోబెట్టారు. డాడీకి ఆ పుస్తకం మాటలకన్నా ముందు తాళాలుగా తెలుసు. ఒకరోజు నేను ఆగస్ట్ బర్న్స్ రెడ్ స్పీకర్లో పెట్టాను. ఈ బ్యాండ్ వాళ్ళకి ఒకే లెక్కలో రెండు నిమిషాలు ఉండటం చేతకాదు, మధ్యలో దారి మార్చేస్తారు. డాడీ కాఫీ తాగుతూ, "ఏందిరా, పిల్లి తోక తొక్కినట్టు..." అని మొదలుపెట్టి, సగంలో ఆగి, తొడ మీద వేళ్ళతో లెక్కపెట్టారు. మూడు, రెండు, రెండు. మళ్ళీ మూడు, రెండు, రెండు. "ఏడు పడుతున్నయి. త్రిపుట లెక్క గదా ఇది" అన్నారు. ఆ డ్రమ్మర్‌కి ఈ సంగతి తెలియదు పాపం.

ఇందులో వింతేం లేదు. మూసారాంబాగ్ అనే పేరే చూడండి. నిజాం దగ్గర సైన్యాధిపతిగా పనిచేసిన రేమండ్ అనే ఫ్రెంచివాడు మన నోళ్ళలో నలిగి నలిగి మూసారాం అయ్యాడు. 1798లో చనిపోయాడు, సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పేరు వింటే ఫ్రెంచి అని ఎవరనుకుంటారు? బయటి నుంచి వచ్చింది మనదైపోవడానికి మా ఏరియాలో పెద్ద టైమ్ పట్టదు. మెటల్ ఇంకా అంత దూరం రాలేదు, అంతే. చర్చిల్లోకి కీబోర్డు, ప్యాడ్స్ ఎప్పుడో వచ్చేశాయి. డిస్టార్షన్ పెడల్ మాత్రం ఇంకా గేటు బయటే నిలబడి ఉంది.

2019లో అన్నయ్య ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాడు. 2022 క్రిస్మస్‌కి ఇంటికొచ్చి, ఆరాధనకి అందరం తయారవుతుంటే, "నేను రాను డాడీ. నాకు నమ్మకం లేదు ఇప్పుడు" అన్నాడు. గొడవ జరగలేదు. జరిగినా బాగుండేదేమో. డాడీ, "సరే, తలుపు వేసుకో" అన్నారు. మమ్మీ దారి పొడుగునా ఆటోలో ఏడ్చింది. ఆ రోజు నుంచి డాడీ, అన్నయ్య ఫోన్లో మాట్లాడుకునేవి మూడే: తిన్నావా, వాన పడుతుందా, జీతం పడిందా. వానాకాలంలో మాత్రం నాలుగోది, మూసీ పొంగి మూసారాంబాగ్ బ్రిడ్జి మూసేశారా అని. అది వార్తల్లో ముందే వచ్చేస్తుంది కాబట్టి దాన్నీ ఎక్కువసేపు లాగలేరు.

నాకు మాత్రం శుక్రవారం మెసేజ్ ఆగలేదు. లింకు, కింద రెండు మూడు మాటలు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నమ్మకం లేనప్పుడు ఇవెందుకు వింటున్నావని. "నమ్మకం పోయింది గానీ చెవులు పోలేదు కదరా" అన్నాడు. ఇంకో లింకు కూడా పంపాడు, హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండ్ ఒకటి, 2021లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్. బ్యాండ్ పేరు గాడ్‌లెస్. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఆల్బమ్ బాగుంది, అది వేరే విషయం.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది అండరోత్. 2006లో వాళ్ళ 'డిఫైన్ ద గ్రేట్ లైన్' బిల్‌బోర్డ్ చార్టులో రెండో స్థానంలో దిగింది. ఇంత బరువైన పాటలు, అదీ దేవుణ్ణి నమ్మేవాళ్ళవి, అక్కడిదాకా వెళ్ళడం మామూలు విషయం కాదు. అదే బ్యాండ్ 2018లో 'ఇరేజ్ మీ' తెచ్చినప్పుడు, ఇక మమ్మల్ని క్రిస్టియన్ బ్యాండ్ అనొద్దని చెప్పేసింది. నాకు ఇది చాలా ఆలస్యంగా, అన్నయ్య విషయం బయటపడ్డాక తెలిసింది. వాడికి ఆ ఆల్బమ్ ప్రాణం. నాకు పెట్టాలంటే చెయ్యి రాలేదు. ఇంకో బ్యాండ్ కథ ఇంతకన్నా ఘోరం. యాజ్ ఐ లే డయింగ్ గాయకుడు భార్యని చంపించడానికి మనిషిని పెట్టబోయి 2013లో దొరికిపోయాడు, నేరం ఒప్పుకున్నాక ఆరేళ్ళ శిక్ష పడింది. ఆల్బమ్ మీద క్రిస్టియన్ అని ఉంటే లోపల ఏముంటుందో గ్యారంటీ ఏమీ లేదు. ఐఎస్ఐ మార్కు కాదు కదా అది.

అయినా 'ఇరేజ్ మీ' ఒక రాత్రి పూర్తిగా విన్నాను, మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తూ. దేవుణ్ణి వదిలేసినవాడు సంతోషంగా ఉంటాడని, జల్సాగా పాడతాడని అనుకున్నాను. అట్లా లేదు. తలుపు దగ్గర నిలబడి తిట్టేవాడి గొంతులా ఉంది. వెళ్ళిపోయినవాడు తలుపు దగ్గర ఎందుకుంటాడు? కీర్తనల గ్రంథంలో 88వది చదవండి. మొదటి నుంచి చివరిదాకా మొర, చివర్లో స్తోత్రం లేదు, చీకటి మీద ఆగిపోతుంది. దాన్ని తీసేయకుండా ఇన్ని వేల ఏళ్ళు పుస్తకంలో ఉంచారు. మా చర్చిలో ఆ కీర్తన మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు, పాట అసలే వినలేదు. అట్లాంటి పాటలు నాకు దొరికింది ఈ అరుపుల్లోనే. స్తోత్రానికి డోలక్ చాలు. మొరకి డబుల్ బాస్ కావాలి అనిపిస్తుంది నాకు, కనీసం కొన్ని రాత్రులు.

అన్నీ అంత గొప్పవని కాదు. స్కిల్లెట్ 'రివల్యూషన్' 2024 నవంబరు 1న వచ్చింది. పెద్ద కంపెనీని వదిలేసి సొంతంగా తెచ్చుకున్న మొదటి ఆల్బమ్. సరిగ్గా దీపావళి రాత్రి పన్నెండుకి! బయట మా గల్లీలో లక్ష్మీ బాంబులు, చెవుల్లో జాన్ కూపర్. కొన్ని చోట్ల ఏది డ్రమ్మో ఏది బాంబో తెలియలేదు. అన్నయ్య మెసేజ్: "జిమ్ పాటలు." సగం నిజమే, కోరస్‌లన్నీ బరువులెత్తడానికి కొలిచి కుట్టినట్టున్నాయి. కానీ చిన్నప్పుడు హాల్లో కుర్చీలో కూర్చున్నవాణ్ణి కదా, నేను మాత్రం రెండుసార్లు విన్నాను. మళ్ళీ 2025 క్రిస్మస్‌కి ఇదే స్కిల్లెట్ ఒక పాత క్రిస్మస్ కీర్తనని చివర్లో గట్టి గిటార్లతో పాడితే, క్రైస్తవుల్లోనే కొందరు అది దయ్యపు సంగీతం అన్నారు. స్ట్రైపర్ తర్వాత నలభై ఏళ్ళకి! మా అంకుల్‌కి అమెరికాలో కూడా చుట్టాలున్నారన్నమాట.

2025 మార్చిలో అండరోత్ 'ద ప్లేస్ ఆఫ్టర్ దిస్ వన్' వచ్చినప్పుడు మొదటిసారి లింకు నేనే ముందు పంపాను. వాడు ఏమీ రాయలేదు, ఒక చెయ్యి బొమ్మ పెట్టాడు. దండం పెట్టేదో హై ఫైవ్ ఇచ్చేదో ఇప్పటికీ తెలియదు, ఆ బొమ్మే అట్లాంటిది.

తర్వాత సెప్టెంబరు 12న డీమన్ హంటర్. ర్యాన్ క్లార్క్, డాన్ క్లార్క్ అనే అన్నదమ్ములు 2000లో మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. కొన్నేళ్ళకి డాన్ తప్పుకున్నాడు, ర్యాన్ ఇంకా పాడుతున్నాడు. కొత్త ఆల్బమ్ పేరు 'దేర్ వాజ్ ఎ లైట్ హియర్'. శనివారం పొద్దున స్పీకర్లో పెట్టాను. డాడీ, "వాడు పంపిండా?" అన్నారు. అవునన్నాను. "పేరేంది?" ఇక్కడొక వెలుగు ఉండేది అని చెప్పాను. కాసేపు ఆగి, "ఉండేది అంటే, ఇప్పుడు లేదనా?" అన్నారు. నాకేం చెప్పాలో తెలియలేదు. పాట మార్చమంటారేమో అనుకున్నా. మార్చమనలేదు, సౌండ్ మాత్రం కొంచెం తగ్గించమన్నారు, పక్కింట్లో చిన్నపిల్ల ఉంది కదా అని.

ఆ సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్ళి, డాడీ నా ఫోన్ తీసుకుని ఏదో రికార్డు చేశారు. ఇంటికొచ్చాక చూస్తే అన్నయ్యకి వెళ్ళి ఉంది. మాటలు లేవు, నలభై సెకన్ల డోలక్, అంతే. రాత్రి పదకొండుకి జవాబొచ్చింది: "ఎంత డాడీ ఇది?" డాడీ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశారు. "త్రిపుట. ఏడు."